19 నెలల పాప ప్రతిదానికీ ‘వద్దు’ అంటోంది: స్వభావమా, వయసా, వెనకబాటా?

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. పాపకు 19 నెలలు. దోగాడకుండానే నడక మొదలుపెట్టింది. రెండు నెలల క్రితం దాకా ఎవరు చెయ్యి చాపినా వెళ్ళేది, ఇప్పుడు కొత్త ముఖం కనబడితే మీ కాళ్ళను చుట్టేసుకుంటోంది. ఏం చెప్పినా ‘వద్దు’, ఏం చేయబోయినా ‘నేనే’. కాదంటే రోజుకు రెండు మూడుసార్లు నేలకేసి తల కొట్టుకుంటోంది. మాటలు పదిహేను దాకా వచ్చాయి, కానీ అదే వయసున్న బంధువుల పిల్లాడు అప్పుడే రెండేసి మాటలు కలుపుతున్నాడు. ఇదంతా ఆమె స్వభావమా, మీ పెంపకంలో లోపమా, ఎదుగుదలలో వెనకబాటా అని అడిగారు.

ఇందులో మూడు వేరువేరు సంగతులు కలిసిపోయాయి: వయసు తెచ్చేవి, పుట్టుకతో వచ్చిన స్వభావం, నేర్చుకుంటే వచ్చే పనులు. వీటిని విడదీస్తే మీ బెంగలో సగానికి పైగా తీరిపోతుంది, మిగిలిన కొంచెం మీద సరిగ్గా దృష్టి పెట్టొచ్చు. విడదీయడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. పాప గురించి ‘మొండిది’, ‘పిరికిది’ అనే మాటలను మీరు రాసుకునే నోట్సులోంచి తీసేయండి. ‘మొండికేసింది’ అని కాకుండా ‘చెప్పులు విప్పబోతే కాళ్ళు వెనక్కి లాక్కుంది, నాలుగు నిమిషాలు ఏడ్చింది, అంతకుముందు మధ్యాహ్నం నిద్ర పోలేదు’ అని రాయండి. మొదటి వాక్యం నుంచి ఏమీ తెలియదు. రెండోదానిలో కారణం కూడా దొరుకుతుంది.

‘వద్దు’ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే నడకలాగే ఇదీ ఎదుగుదలలో ఒక మైలురాయే. ఎవరూ దాన్ని మైలురాయి అనరు, అంతే. ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ మధ్య పిల్లలకు ‘నేను’ అనేది ఒకటుందని తెలుస్తుంది. 1972లో మనస్తత్వ పరిశోధకురాలు బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ ప్రచురించిన ప్రయోగం దీన్ని చూపించింది. పిల్లల ముక్కు మీద తెలియకుండా రంగు చుక్క పెట్టి అద్దం ముందు నిలబెడతారు. చిన్నపిల్లలు అద్దంలోని పాపతో ఆడబోతారు. 18 నుంచి 24 నెలల మధ్యకు వచ్చేసరికి చాలామంది అద్దాన్ని వదిలి తమ ముక్కునే ముట్టుకుంటారు. మీరూ చేసి చూడొచ్చు. ముఖం తుడుస్తూ చుక్క పెట్టండి, వెంటనే అద్దం చూపించకండి, కాసేపు ఆడనిచ్చి అప్పుడు చూపించండి. ముక్కు తడుముకోకపోతే కంగారు పడాల్సిందేమీ లేదు, రెండు నెలల తర్వాత మళ్ళీ చేయండి.

తాను వేరే మనిషినని తెలిశాక, తన ఇష్టం వేరని కూడా తెలుస్తుంది. మనస్తత్వ పరిశోధకులు బెట్టీ రెపాచోలి, ఆలిసన్ గోప్నిక్ 1997లో ప్రచురించిన ప్రయోగంలో పెద్దావిడ రెండు గిన్నెల్లోవి రుచి చూస్తుంది. పిల్లలు ఇష్టపడే బిస్కెట్లకు ముఖం చిట్లించి, బ్రకోలీకి ‘ఆహా’ అంటుంది. తర్వాత చెయ్యి చాపి కొంచెం పెట్టమంటుంది. 14 నెలల పిల్లలు తమకు నచ్చిన బిస్కెట్లే ఇచ్చారు. 18 నెలల పిల్లలు ఆవిడకు నచ్చింది ఇచ్చారు. మీ పాప ఇప్పుడు సరిగ్గా ఈ మలుపులో ఉంది. ‘నీకు కావాల్సింది ఒకటి, నాకు కావాల్సింది ఇంకొకటి’ అనే పెద్ద ఆలోచన వచ్చింది, దాన్ని చెప్పడానికి చేతిలో ఉన్న మాట ఒకటే: వద్దు. అందుకే కావాల్సినదానికి కూడా ఒక్కోసారి వద్దంటుంది. ఇదే వయసులో, ఎవరైనా పొరపాటున వస్తువు జారవిడిచి అందుకోలేకపోతే అడగకుండానే తీసి ఇస్తారు కూడా. ‘వద్దు’తో పాటు దీన్నీ రాసుకోండి, లేకపోతే నోట్సు నిండా పేచీలే మిగులుతాయి.

ఇక మన భాషలో ఒక చిక్కుంది. ముద్దుగా మాట్లాడాలని పిల్లలతో ప్రతి పనినీ ‘-దామా’తో ముగిస్తాం. ‘స్నానం చేద్దామా?’, ‘పడుకుందామా?’, ‘ఇంటికి వెళ్దామా?’ మనకది పిలుపు, పాపకది ప్రశ్న. ప్రశ్నకు తనకు తెలిసిన జవాబు ఇస్తుంది. ఆ తర్వాత మనం బలవంతంగా ఎత్తుకెళ్తాం. అంటే అడిగి, జవాబు విని, దాన్ని పక్కన పెట్టామన్నమాట. రోజుకు పదిసార్లు ఇలా జరిగితే ‘వద్దు’ మరింత గట్టిగా వస్తుంది. వీలులేని చోట ప్రశ్న వేయకండి. జరగబోయేది చెప్పి, దానిలో చిన్న ఎంపిక ఇవ్వండి: ‘స్నానం టైమైంది. మగ్గు పట్టుకుంటావా, బాతు బొమ్మ పట్టుకుంటావా?’ ఎంపికలు రెండే ఉండాలి, రెండూ మీకు ఒప్పుకోదగ్గవి కావాలి, వీలైతే రెండూ కళ్ళముందు కనబడాలి. మూడోది చేర్చితే తేల్చుకోలేక ఏడుస్తుంది. నిజంగా వద్దన్నా ఫరవాలేని చోట మాత్రం ‘-దామా’ అని అడగండి, వద్దంటే వదిలేయండి. తన మాట ఎక్కడో ఒకచోట చెల్లుతుందని తెలిసిన పాప ప్రతిచోటా పోరాడదు.

‘నేనే’కి మందు పనిని వెనక నుంచి నేర్పడం. మేజోడు తీసుకోండి. పెద్దవాళ్ళకు అది ఒక పని, 19 నెలల పాపకు నాలుగు పనులు: మూతి విప్పడం, అయిదు వేళ్ళూ దూర్చడం, మడమ దాటించడం, పైకి లాగడం. మొదటి మూడూ కష్టం, చివరిది తేలిక. కాబట్టి మడమ దాటేదాకా మీరు తొడిగి, చీలమండ దగ్గర ఆపేయండి. పాప రెండు బొటనవేళ్ళు లోపలికి దూర్చి పైకి లాగుతుంది. పని తన చేతిలో పూర్తయింది, అందుకే ఆ ‘నేనే’ చల్లారుతుంది. నాలుగైదు రోజులు తడబాటు లేకుండా లాగాక, మడమ కింద ఆపండి. ఆ తర్వాత వేళ్ళ దగ్గర. చాలామంది తల్లిదండ్రులు దీన్ని తిరగేస్తారు: మేజోడు మొత్తం చేతికిచ్చి, పాప వేళ్ళ దగ్గర ఇరుక్కుని విసిరికొట్టాక లాక్కుని తామే తొడుగుతారు. పాపకు దక్కింది రెండు ఓటములు. బిగుతు అంచున్నవి, పలచగా జారేవి నేర్పడానికి పనికిరావు. కొంచెం వదులుగా, మడమ దగ్గర రంగు మారేవి తీసుకోండి. బయల్దేరే టైముకు పది నిమిషాల ముందే కూర్చోవాలి. హడావుడిలో ఉన్న పూట నేర్పడం మానేసి ‘ఈ పూట అమ్మ తొడుగుతుంది’ అని ముందే చెప్పేయడం మేలు.

తల కొట్టుకోవడం చూస్తే ఏ తల్లిదండ్రులకైనా కడుపు తరుక్కుపోతుంది. మామూలుగా ఎదుగుతున్న పిల్లల్లోనూ ఇది కనబడుతుంది, చాలామందిలో మూడు నాలుగేళ్ళకల్లా పోతుంది. పేచీ ఎలా నడుస్తుందో తెలిస్తే ఎప్పుడు ఏం చేయాలో తెలుస్తుంది. మొదట కోపం: అరవడం, తన్నడం, విసరడం. ఇది త్వరగా పైకెక్కి త్వరగా దిగుతుంది. దాని అడుగున దుఃఖం ఉంటుంది, కోపం దిగాక అది పైకి తేలుతుంది. అరుపు ఏడుపుగా, ఏడుపు వెక్కిళ్ళుగా మారడం మీ చెవికే తెలుస్తుంది. చాలా పేచీలు అయిదు నిమిషాల్లోపే అయిపోతాయి.

కోపం నడుస్తున్నంతసేపు మాట్లాడకండి. పాపను నేల నుంచి పరుపు మీదకో చాప మీదకో జరపండి, వీలుకాకపోతే తలకింద మీ అరచెయ్యి పెట్టండి. ముఖంలో భయం గానీ కోపం గానీ చూపించకుండా దగ్గరే కూర్చోండి. అరుపు ఏడుపుగా మారిన క్షణంలో చేతులు చాపండి. వస్తే ఎత్తుకోండి, రాకపోతే అలాగే కూర్చోండి. ఊపిరి కుదుటపడ్డాక ఒక్క చిన్న వాక్యం: ‘ఫోను కావాలి. ఇవ్వలేదు. కోపం వచ్చింది.’ అంతకంటే ఎక్కువ అక్కర్లేదు, పాఠం చెప్పడానికి అది వేళ కాదు. ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. మొదటి నిమిషంలోనే బుజ్జగింపు, బేరం, వివరణ అన్నీ గుమ్మరించడం ఒకటి. దీనివల్ల కోపం దిగకుండా మళ్ళీ మొదటికొస్తుంది. రెండోది నాలుగుసార్లు ఇవ్వకుండా అయిదోసారి ఇచ్చేయడం. ఎప్పుడో ఒకసారి దొరికే వస్తువు కోసం పిల్లలు ఇంకా గట్టిగా ఏడుస్తారు, ఎందుకంటే ఈసారి దొరకొచ్చు. ఇచ్చేదైతే ఏడుపుకు ముందే ఇచ్చేయండి. ఏడుపు మొదలయ్యాక ఇవ్వకండి.

కొందరు పిల్లలు గుక్కపట్టి ఏడుస్తూ ఊపిరి బిగబట్టి, పెదాలు నీలమయ్యేదాకా వెళ్తారు, ఒక్కోసారి కొన్ని సెకన్లు స్పృహ కూడా తప్పుతుంది. మీ పాపకు అలా జరిగితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపకండి, నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్ళు పోయకండి. సాధారణంగా నిమిషంలోపే ఊపిరి దానంతటదే వస్తుంది. నిమిషం దాటినా రాకపోతే అత్యవసర సహాయం పిలవాలి. మొదటిసారి జరిగినప్పుడు మాత్రం డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఐరన్ లోపానికీ దీనికీ సంబంధం ఉంది కాబట్టి రక్తపరీక్ష చేయిస్తారు. పేచీ తరచుగా 25 నిమిషాలకు మించి సాగడం, ఒంటి మీద దెబ్బలు తేలేంతగా కొట్టుకోవడం, పేచీ లేని సమయంలో కూడా మనిషిని పట్టించుకోకుండా లయగా తల బాదుకోవడం, ఇవి చూపించాల్సిన సంగతులు.

పేచీలు ఏ వేళకు వస్తున్నాయో వారం రోజులు గడియారం చూసి రాయండి. రెండు గుంపులుగా కనబడతాయి: ఆకలి వేళ, నిద్ర వేళ. ఈ వయసులో పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు పడుకోవాలి. రెండు కునుకుల నుంచి ఒకదానికి మారే కాలం కూడా ఇదే కావడంతో సాయంత్రాలు చెడిపోతాయి. కొన్ని వారాలపాటు రాత్రి అరగంట ముందే పడుకోబెట్టి చూడండి. తిండి తగ్గిందని మీరు ఒక వాక్యంలో రాశారు. ఎదుగుదల వేగం మొదటి ఏడాదితో పోలిస్తే బాగా తగ్గే కాలమిది. ఎదుగుదల చార్టులో బరువు గీత కిందికి జారనంతవరకు కంచం చూసి బెంగపడకండి.

కొత్తవాళ్ళ భయం సంగతి. తల్లిని విడవలేని బెంగ చాలామందిలో 10 నుంచి 18 నెలల మధ్య ఎక్కువగా ఉంటుంది, తర్వాత కూడా వచ్చిపోతుంటుంది. అది వయసు. దాని కింద స్వభావం ఉంటుంది. మానసిక వైద్యులు అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ 1956లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి కొందరు పిల్లలను గమనించి, చురుకు, ఆకలి నిద్రల క్రమం, కొత్తదానికి దగ్గరవడం, అలవాటు పడటం, స్పందన తీవ్రత వంటి తొమ్మిది లక్షణాలు గుర్తించారు. దాదాపు 40 శాతం తేలిగ్గా ఇమిడిపోయేవాళ్ళు, 10 శాతం సర్దుకోవడం కష్టమయ్యేవాళ్ళు, 15 శాతం నిదానంగా కలిసేవాళ్ళు. మిగిలిన 35 శాతం ఏ గుంపులోనూ ఇమడలేదు. ఆ చివరి అంకె గుర్తుపెట్టుకోండి. ప్రతి పిల్లకూ పేరు పెట్టి తీరాలనేమీ లేదు. వాళ్ళు నొక్కి చెప్పిన ఇంకో మాట: పిల్ల స్వభావం మంచిదా చెడ్డదా అన్నదానికంటే, ఇంటి తీరు ఆ స్వభావానికి సరిపోతోందా లేదా అన్నదే ముఖ్యం.

మీ పాప నిదానంగా కలిసే రకమైతే, జనం నిండాక తీసుకెళ్ళకండి, కాస్త ముందే వెళ్ళండి. మొదటి పదిహేను నిమిషాలు మీ ఒళ్ళోనే ఉండనివ్వండి. వచ్చినవాళ్ళను పాప కళ్ళలోకి చూడొద్దనండి, చేతిలో ఒక ఆట వస్తువు పెట్టుకుని పక్కన కూర్చోమనండి. పాప చూపు ముందు ఆ వస్తువు మీద పడుతుంది, తర్వాత చెయ్యి వెళ్తుంది, ఆ తర్వాత మనిషి దగ్గరికి అడుగు పడుతుంది. ‘వెళ్ళు, ఏమనరు’ అని తోస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ‘దీనికి సిగ్గండీ’ అని పాప వినేలా అనకండి, తను మీరనుకునేదానికంటే ఎక్కువ అర్థం చేసుకుంటోంది. తోటిపిల్లలతో కలిసి ఆడట్లేదనేది ఇప్పుడు లెక్కలోకి రాదు. పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవడమే ఈ వయసు ఆట, బొమ్మ పంచుకోవడం ఇంకా దూరం.

మాటల దగ్గరికొద్దాం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన ఎదుగుదల మైలురాళ్ళ పట్టికలో, 75 శాతం లేదా అంతకంటే ఎక్కువమంది పిల్లలు ఆ వయసుకు చేసేవాటినే పెట్టారు. దాని ప్రకారం 18 నెలలకు అమ్మ, నాన్న కాక మూడు మాటలు అనే ప్రయత్నం, 24 నెలలకు రెండు మాటలు కలపడం, 30 నెలలకు దాదాపు 50 మాటలు. మీ పాప పదిహేను మాటలతో ఈ దారిలోనే ఉంది. బంధువుల పిల్లాడు ముందున్నాడు, అంతే. దోగాడటం ఆ పట్టికలో ఇప్పుడు లేనే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల పిల్లలను గమనించి 2006లో ఇచ్చిన లెక్కలో ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా ఎప్పుడైనా రావచ్చు. దాదాపు 4 శాతం పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద దోగాడనే లేదు.

మాటలు లెక్కపెట్టేటప్పుడు స్పష్టత చూడకండి. ప్రతిసారీ ఒకే అర్థంతో, కావాలని అంటే చాలు. తాతను ‘తా’ అన్నా, కుక్కను ‘బౌ’ అన్నా మాటే. ఇంట్లో రెండు భాషలుంటే రెండింటి మాటలూ కలిపి లెక్కించాలి. రెండు మాటల కలయికలో మాత్రం జాగ్రత్త. ‘ఏంటిది’, ‘అయిపోయింది’ మనకు రెండు ముక్కలుగా వినబడినా పాపకు ఒకే ముద్ద. ‘అమ్మ రా’, ‘బంతి పోయింది’ అని తనే కొత్తగా జతకట్టాలి, అదే మాటను ఇంకోదానితో కూడా జతకట్టాలి. పట్టికల్లో ఉండదు గానీ తెలుగు పిల్లల్లో గమనించాల్సింది ఇంకోటుంది: ‘అమ్మ’ కాస్తా ‘అమ్మది’ అవడం, ‘బయట’ కాస్తా ‘బయటికి’ అవడం. మాట చివర మార్పు అర్థంతో సహా వచ్చిందంటే వ్యాకరణం మొదలైనట్టే. తేదీ వేసి రాసుకోండి.

పలికే మాటల సంఖ్య కంటే ముఖ్యమైనవి అర్థం చేసుకోవడం, వేలు చూపించడం. అర్థం చేసుకోవడాన్ని ఇలా చూడండి: మీ చేతులు కట్టుకుని, వస్తువు వైపు చూడకుండా, ‘బంతి తీసుకురా’ అనండి. మనకు తెలియకుండానే మన కళ్ళు బంతి వైపు వెళ్తాయి, పాప మన చూపును చదివి తెచ్చేస్తుంది, మనం మాట అర్థమైందనుకుంటాం. కాబట్టి పాప ముఖాన్నే చూస్తూ అడగండి. వేలు చూపడంలో రెండు రకాలున్నాయి. ‘అది ఇవ్వు’ అని చూపడం ఒకటి, ‘అదిగో పక్షి, నువ్వూ చూడు’ అని చూపి మీ ముఖం వైపు తిరగడం రెండోది. రెండోది చాలా విలువైనది. ఆ తిరిగి చూడటం 18 నెలలకల్లా కనబడాలి.

మాటలు పెరగడానికి ఆట సామాను కంటే మీ మౌనం ఎక్కువ పనిచేస్తుంది. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఇష్టమైనది పెట్టి చేతికివ్వండి, అయిదు నుంచి పది సెకన్లు ఏమీ అనకుండా ముఖం చూస్తూ ఆగండి. అయిదు సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, మనసులో లెక్కపెట్టండి. ‘తీ’ అంటే ‘మూత తీ’ అని ఒక్క మాట కలిపి చెప్పి తీయండి. ‘అలా కాదు, సరిగ్గా చెప్పు’ అంటే చెప్పడం మానేస్తుంది. ‘ఇదేంటి? అదేంటి?’ అని వరుసగా పరీక్ష పెట్టినా అంతే. టీవీ, ఫోను విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి: ఏడాది పిల్లలకు తెర వద్దు, రెండేళ్ళు వచ్చాక రోజుకు గంటకు మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది.

ఎప్పుడు ఆగకూడదో కూడా చెప్పాలి. వచ్చిన మాటలు, చూపులు, పనులు పోతున్నాయంటే ఏ వయసులోనైనా ఆ వారమే డాక్టరుకు చూపించాలి. 18 నెలలు దాటినా నడవకపోవడం, చూపించడానికి వేలు చాపకపోవడం, వెనక నుంచి పేరు పిలిస్తే చాలాసార్లు తిరగకపోవడం, ఎప్పుడూ మునివేళ్ళ మీదే నడవడం, 24 నెలలకు రెండు మాటలు కలపకపోవడం, ఏడాదిన్నరలోపే ఒక చెయ్యిని పూర్తిగా వదిలేసి రెండోదే వాడటం కూడా చూపించాల్సినవే. చివరిది చాలామంది ‘ఎడమచేతి వాటం’ అనుకుని వదిలేస్తారు. ఆ వయసుకు వాటం ఇంకా తేలదు, వాడని చేతిలో బలహీనత ఉందేమో చూడాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రెండేళ్ళదాకా వయసును అసలు పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కించాలి.

మాట ఆలస్యమనిపిస్తే మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. పుట్టినప్పుడు చేసిన పరీక్ష బాగున్నా సరే, జలుబుల తర్వాత చెవి లోపల నీరు చేరి శబ్దం మందగించొచ్చు. చప్పట్లకు తిరిగిందని సరిపెట్టుకోకండి, పెద్ద శబ్దం వినబడే పిల్లకు మెల్లని హల్లులు వినబడకపోవచ్చు.

మీ పాప విషయంలో 18 నెలల స్క్రీనింగ్, అంటే ఎదుగుదలను చూసే తొలి పరీక్ష, జరిగిందో లేదో మీరు రాయలేదు. జరగకపోతే ఇప్పుడు చేయించండి. ఆటిజం కోసం 18, 24 నెలల్లో స్క్రీనింగ్ చేయించాలన్నది పిల్లల డాక్టర్ల సిఫార్సు. 16 నుంచి 30 నెలల పిల్లలకు వాడే ఎం-చాట్ అనే ప్రశ్నావళిలో తల్లిదండ్రులు జవాబివ్వాల్సినవి 20 ప్రశ్నలే. అది జబ్బును తేల్చేది కాదు, ఇంకా పరిశీలించాలా వద్దా చెప్పేది. వెళ్ళేటప్పుడు వారం పాటు రాసిన పేచీల వేళలు, మాటల జాబితా, రెండు నిమిషాల వీడియోలు మూడు తీసుకెళ్ళండి: ఒకటి తనంతట తాను ఆడుకుంటున్నప్పుడు, ఒకటి మీతో ఆడుతున్నప్పుడు, ఒకటి తల కొట్టుకుంటున్నప్పుడు. మూడోది తీయడానికి మనసొప్పదని తెలుసు. పాప తలకింద చెయ్యి పెట్టే పని ఒకరిది, ఫోను పట్టుకునే పని ఇంకొకరిది అని ముందే అనుకోండి. గదిలో కొత్తవాళ్ళ ముందు పాప మీ భుజానికి అతుక్కుపోయి ఏమీ చేయకపోవచ్చు, అప్పుడు డాక్టరుకు అక్కరకొచ్చేవి ఆ వీడియోలే.